రత్నం డాక్టరు హస్తవాసి

రత్నం గారి వేలి నుంచి తీసిన రక్తపు బొట్టు గాజు పలక మీద పడింది. పలక యంత్రంలోకి జారిపోయింది. ఆ యంత్రం టిఫిన్ క్యారియర్ కంటే పెద్దదేం కాదు గానీ, పేరు మాత్రం ఘనంగా ‘వైరల్ క్లాక్’ అని పెట్టారు. 2039 నాటికి అలాంటివి జిల్లాకొకటి వచ్చేశాయి.

"ఇరవై నిమిషాలు పడుతుందండీ," అంది డాక్టర్ హుమేరా.

"పట్టనివ్వండి. డెంగ్యూ అని నేను ముందే చెప్పాను కదా," అన్నారు రత్నం గారు.

ఆ ధీమాకి కారణం ఉంది. గుడిమెట్ల వెంకటరత్నం గారు మొగలిదిబ్బ అనే ఊళ్లో ఇరవై ఏళ్లు ఆర్.ఎం.పి. డాక్టరు. చదువు టెన్త్ దగ్గరే చతికిలబడినా, హస్తవాసి మంచిదని చుట్టుపక్కల నాలుగూళ్లలో పేరు. రత్నం డాక్టరు సూది పట్టుకుంటే చాలు, మందు లోపలికి వెళ్లకముందే జ్వరం దిగిపోతుందని చెప్పుకునేవారు. బిళ్లలు రాసిస్తే జనం ఊరుకునేవారు కాదు. "ఒక సూదెయ్యండి బాబూ" అని చెయ్యి చాపేవారు. ఆయన కాదనేవారు కాదు. ఇప్పుడు డెబ్బై మూడేళ్లు. ప్రాక్టీసు మానేసి, భార్య భ్రమరాంబతో టౌన్‌లో ఉంటున్నారు.

ఆ ఏడాది ఆయనకి ప్లేట్‌లెట్లు మూడుసార్లు పడిపోయాయి. మొదట లక్షా పదివేలు, తర్వాత ఎనభై రెండు వేలు, ఇప్పుడు నలభై ఎనిమిది వేలు. పళ్లు తోముకుంటే రక్తం. మంచం కోడు తగిలితే గుప్పెడంత నల్లమచ్చ. ప్లేట్‌లెట్లు తగ్గాయంటే మనవాళ్లకి గుర్తొచ్చేది ఒకటే రోగం, ఒకటే మందు. భ్రమరాంబ మూడుసార్లూ బొప్పాయి ఆకు నూరి రసం తీసింది. మరి జ్వరమేదండీ అని అడిగితే, "లోజ్వరంలే. పైకి తెలియదు," అన్నారాయన.

యంత్రం కిర్రుమంది. హుమేరా తెర చూసి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"డెంగ్యూ కాదండీ. హెపటైటిస్ సి."

"కాలేయం జబ్బు కదమ్మా అది? నాకు తగ్గినవి ప్లేట్‌లెట్లు."

"అక్కడే అందరూ పొరబడతారు. ప్లేట్‌లెట్లు తయారయ్యేది ఎముక మూలుగలో. కానీ తయారు చెయ్యమని కబురు పంపేది కాలేయం. ఏళ్ల తరబడి వైరస్ తినేసి అది గట్టిపడిపోతే, ఆ కబురు సన్నగిల్లుతుంది. వైరస్ మూలుగ పనికీ అడ్డుపడుతుంది. ఇంకొకటి ఉంది. మీ ఊళ్లో కాలవకి దిగువన షట్టరు మూసేస్తే ఏమవుతుంది?"

"నీళ్లు ఎగదన్ని పక్క పొలాల్లో పడతాయి."

"పేగుల నుంచి వచ్చే రక్తం కూడా అంతే. గట్టిపడ్డ కాలేయంలోంచి పోలేక ప్లీహంలోకి, అదే స్ప్లీన్‌లోకి, ఎగదన్నుతుంది. ప్లీహం ఉబ్బి, ఉన్న ప్లేట్‌లెట్లని తన దగ్గరే దాచేసుకుంటుంది. డెంగ్యూ అయితే వారం పది రోజుల్లో సర్దుకునేవి. మీవి దిగుతూనే ఉన్నాయి. పన్నెండు వారాలు బిళ్లలు వేసుకుంటే వైరస్ పోతుంది. ప్లేట్‌లెట్లు నెమ్మదిగా పెరగొచ్చు. కాలేయం మాత్రం మునుపటంత మెత్తబడుతుందని చెప్పలేను."

రత్నం గారు ఊపిరి పీల్చుకున్నారు. బిళ్లలున్నాయంటే బతికినట్టే. లేవబోతుంటే హుమేరా ఆపింది.

"ఈ క్లాక్ చేసే అసలు పని వేరే ఉందండీ. పరీక్షల్లో చూచిరాత చూశారా?"

చూడ్డమేమిటి, టెన్త్ రెండుసార్లు రాసిన మనిషి. తలూపారు.

"ఒకడి తప్పులే ఇంకొకడి పేపర్లోనూ ఉంటే, ఎవరు ఎవరిది చూసి రాశారో పంతులుకి తెలిసిపోతుంది. వైరస్ కూడా తనని తాను కాపీ చేసుకుంటూ తప్పులు చేస్తుంది. ఆ తప్పులు లెక్కపెట్టి అది ఎప్పుడు ఒంట్లోకి వచ్చిందో, ఎవరి వైరస్‌కి తోబుట్టువో ఇది చెబుతుంది. మీది నలభై మూడేళ్ల నాటిది. అదే వయసు, అవే తప్పులు ఇంకో తొమ్మిది మందిలో దొరికాయి. ఎక్కడెక్కడో ఉన్నారు. అందరిదీ మొగలిదిబ్బే."

తెర మీద తొమ్మిది చుక్కలు, పదోది ఆయనది. గీతలన్నీ ఒక్కచోట కలుస్తున్నాయి.

"అక్కడ ఒకే సూది ఉండి ఉంటుంది. మా లెక్క ప్రకారం ఊళ్లో ఇంకా నూట అరవై మందికి ఉండాలి. కాలేయం పాడవకముందే దొరికితే బిళ్లలతో అందరూ బాగుపడతారు. కానీ నొప్పి లేని జబ్బుకి పరీక్షకి రమ్మంటే ఎవరొస్తారు? ఫలానా ఆయన దగ్గర సూది వేయించుకున్నవాళ్లు రండి అంటే కదులుతారు. క్లాక్ ఊరు చెప్పింది, ఏడాది చెప్పింది. చెయ్యి ఎవరిదో చెప్పలేదు. ఆ రోజుల్లో మీ ఊళ్లో సూదులు ఎవరు వేసేవారండీ?"

రత్నం గారికి తన పాత గది గుర్తొచ్చింది. స్టీలు డబ్బా, కిరసనాయిలు స్టవ్, రెండే రెండు సూదులు. జనం ఎక్కువైన రోజున నీళ్లు మరిగేదాకా ఆగేంత తీరిక ఉండేది కాదు. ఒకసారి అదే సూది తన బొటనవేలికీ గుచ్చుకుంది.

"గుర్తులేదమ్మా," అన్నారు.

ఇంటికెళ్లి భ్రమరాంబతో జబ్బు సంగతి చెప్పారు. సూది సంగతి కూడా చెప్పకుండా ఉండలేకపోయారు. "చెబితే నలభై ఏళ్ల పేరు గంగలో కలుస్తుంది. చెప్పకపోతే నూట అరవై మంది," అని ఆగిపోయారు.

ఆవిడ తన జబ్బ తడిమి చూసుకుంది. తర్వాత అడిగింది.

"నాక్కూడా మీరే వేసేవారు కదండీ?"

ఆ మాట ఆయనకి అంతవరకూ తట్టలేదు. మర్నాడు భార్యని తీసుకెళ్లి పరీక్ష చేయించారు. ఆవిడకీ ఉంది. కాలేయం ఇంకా చెడలేదు. రత్నం గారు తెర వంక చూడకుండా, "ఆ చెయ్యి నాదేనమ్మా," అన్నారు.

ఆదివారం హుమేరా క్లాక్ పెట్టె తెచ్చి మొగలిదిబ్బ బడి వరండాలో క్యాంపు పెట్టింది. రత్నం డాక్టరు వచ్చారంటే ఊరు ఊరంతా కదిలింది. ఆయన లేచి నిలబడి, ఒక్కటీ దాచకుండా అంతా చెప్పారు. తిడతారనుకున్నారు, కొడితే కొడతారనీ అనుకున్నారు.

"ఆ పెట్టె అబద్ధమండీ," అన్నాడు గంగరాజు. పాతికేళ్ల కిందట పంచాయతీ ప్రెసిడెంటు. "మీ చెయ్యి తగిలే మా పిల్లలు బతికారు. మీ మీద నింద వేసిన పెట్టెకి మేం రక్తం ఇవ్వం. ఆయ్, పదండ్రా."

జనం లేచారు. హుమేరా బతిమాలింది, బొమ్మలు చూపించింది. ఎవరూ ఆగలేదు. తన పరువు కాపాడ్డానికే ఊరు ప్రాణం మీదికి తెచ్చుకుంటోందని రత్నం గారికి అర్థమైంది.

అప్పుడు స్తంభం పక్క నుంచి సామ్రాజ్యం వచ్చింది. ఆమె భర్త పన్నెండేళ్ల కిందట రక్తం కక్కుకుని పోయాడు. అంతకుముందు కడుపు ఉబ్బిందని ఫోనులో అడిగితే గ్యాస్ అని చెప్పింది రత్నం గారే. ఆమె ఎదురుగా కూర్చుని చెయ్యి చాపింది.

"పెట్టె నిజమే చెప్పింది. నాకు తెలుసు," అంది. "ఆ డాక్టరమ్మ తీస్తే వీళ్లెవరూ కూర్చోరు. మా ఆయనకి పొడిచిన చేత్తోనే నాకూ తియ్యండి. సూది మాత్రం నా కళ్లముందు చింపండి."

హుమేరా ఒక్క క్షణం ఆలోచించి, తన సంచిలోంచి కొత్త సూది తీసి ఆయనకి అందించింది. రత్నం గారు కాగితం చింపారు. సామ్రాజ్యం ఆ చేతినే చూస్తూ, వేలు కదపకుండా కూర్చుంది. బొట్టు వచ్చింది.

వెళ్లిపోతున్న జనం ఆగారు. గంగరాజు వెనక్కి తిరిగి వచ్చాడు.

"మీరే తీస్తారని ముందే చెప్పొచ్చుగా," అని చొక్కా చెయ్యి మడతపెట్టాడు.

వరస గేటు దాకా సాగింది. పక్క కుర్చీలో హుమేరా ఖాళీగానే కూర్చుంది. ఒక్కరూ ఆమె వైపు వెళ్లలేదు. రత్నం గారు ఒక్కొక్కరికీ కొత్త సూది చింపుతూ, ఒక్కొక్కరికీ క్షమించమని చెబుతూ, బొట్టు తీస్తున్నారు. మంగమ్మ అనే ముసలావిడ దూది నొక్కిపట్టుకుని, ఆయన కళ్లనీళ్లు చూసి జాలిపడింది.

"ఊరుకోండి బాబూ. మీ చెయ్యి పడింది కదా, ఇంక నాకేమీ ఉండదు," అని, ఫలితం చూసుకోకుండానే ఇంటికెళ్లిపోయింది.