నాలుగువందల పదకొండు

ముసలాయన మాట మధ్యలో ఆపి, అటెన్షన్‌లో లేచి నిలబడి, తనది కాని గొంతుతో “ఉన్నా!” అన్నాడు. ఆమెకి మొదటిసారి ఒళ్ళు జలదరించింది సరిగ్గా అప్పుడే. పొద్దున ఆరున్నర.

అప్పటిదాకా అన్నీ మామూలే. డిగ్రీ అయి ఏడాదైనా ఉద్యోగం లేదు. ఊరికే కూర్చోలేక, శత్రువుల చెరలో చనిపోయిన తాతయ్య జీవితం రాద్దామనుకుంది. అమ్మ ఇంకా అమ్మమ్మ కడుపులో ఉండగానే యుద్ధానికెళ్ళిన మనిషి. ఆయనతో ఒకే గదిలో ఖైదీగా ఉండి బతికొచ్చింది ఈ ముసలాయనొక్కడే. “ఎండెక్కితే అన్నీ మర్చిపోతా, పొద్దున్నే రా” అన్నాడు.

“మీ తాత చెప్పులు కుట్టేవాడమ్మా. శిబిరంలో అందరి బూట్లూ వాడే కుట్టాడు. పాట మాత్రం... వాడు పాడితే కాపలావాళ్ళకే శిక్ష!” అని పడీపడీ నవ్వాడు. ఆ వెంటనే లేచి నిలబడ్డాడు.

“ఎవరు పిలిచారు తాతగారూ?”

“మీ తాతని పిలిచారు.” గొంతు తగ్గించాడు. “జ్వరంతో పోయాడు. మేం చెప్పలేదు. వాడి రొట్టె మాకు కావాలిగా... నేల చెక్కల కింద దాచేశాం. ఇక చెప్పడానికి లేదు. రోజూ పొద్దున్నే అందర్నీ లైన్‌లో నిలబెట్టి నంబర్లు పిలిచేవాళ్ళు. లెక్కలో ఒకడు తగ్గితే, బదులు ఇంకొకణ్ణి తీసుకుపోతారు. అందుకే వాడి నంబరుకి నేను పలికేవాణ్ణి. ఇంటికొచ్చినా పిలుపు ఆగలేదు తల్లీ. ఒక్కరోజు... ఒకే ఒక్కరోజు పలకలేదు. మా పెద్దోణ్ణి తీసుకుపోయారు.”

నాలుగోరోజు ముసలాయన పోయాడు.

మర్నాడు పొద్దున ఆరున్నరకి ఆమె పళ్ళు తోముకుంటోంది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. కిటికీ బయట ఎవరో, భాష సరిగా రానట్టు, నంబరు పిలిచారు. “నాలుగువందల పదకొండు...”

నోట్లో నురగతోనే పలికింది. “ఉన్నా.”

అలా ఇరవై రోజులు. ఆమె గొంతు రోజురోజుకీ బొంగురుపోతోంది. ఫోన్‌లో స్నేహితురాలు “ఎవరే నీ పక్కన, మగగొంతు?” అని ఆటపట్టించింది. ఆమెకి నవ్వు రాలేదు.

ఈరోజు నోరు గట్టిగా మూసుకుంది.

పిలిచారు. ఆగారు. మళ్ళీ పిలిచారు...

పక్కగదిలోంచి బొంగురుగా... “ఉన్నా.”

పరుగెత్తింది. అమ్మ మెడదాకా దుప్పటి కప్పుకుని నిద్రపోతోంది. ఒళ్ళంతా చల్లగా ఉంది. కుదిపి కుదిపి లేపింది.

అమ్మ కళ్ళు తెరిచి, విసుక్కుంది. “అంతసేపు లైన్‌లో నా పక్కనే నిలబడ్డావు. ఒక్క మాటైనా మాట్లాడలేదేంటే?”

తెల్లారితే మళ్ళీ ఆరున్నరవుతుంది. పలికితే తను... పలక్కపోతే అమ్మ.

చదువుతున్న మిమ్మల్ని ఆమె అడిగేది ఒక్కటే. ఏం చెయ్యమంటారు?