పాతిపెట్టిన తుంటి ముక్క

ఇబ్రహీంపట్నంల బండలు పరిచే ఇస్తారికి తుంటి బొక్క గుండు రక్తమందక సగం సచ్చింది. కీలు మారిస్తే కింద కూసునుడు బంద్. కూసోకుంటే బండలు పరుసుడు ఎట్ల? మహానుభావుడు, డాక్టరు ఇస్తారి సొంత కీలునే కాపాడిండు. గుండుకు తొర్ర తొలిచి, సచ్చిన ముక్క తీసి, నడుము బొక్క జర చెక్కి అండ్ల నింపిండు.

"అది అతికేదాక కాలు నేలకు మోపినవో, గుండు కూలిపోతది. ఇగ నా చేతుల ఏం లేదు," అన్నడు.

తల్లి నర్సమ్మ ఊకుంటదా? దవాఖానల బతిమిలాడి ఆ సచ్చిన ముక్క తెచ్చుకున్నది. బొందలగడ్డల సచ్చిన మొగని బొంద పక్కన పాతి, మూడొద్దులకు, సచ్చినోళ్లకు పెట్టినట్టే పిట్టకు అన్నం గూడ పెట్టింది.

"సచ్చింది బొక్కనే అవ్వా, నేను గాదు," అని నవ్విండు ఇస్తారి.

"ఆ ముక్క ఎవ్వలదో అనుకుంటరని సచ్చినోళ్లకు నీ పేరే జెప్పి పెట్టిన బిడ్డా. పిట్ట ఎంబడే ముట్టింది."

ఆ మాటకు ఇస్తారి మల్ల నవ్వలే.

వారం తిరగకముందే నర్సమ్మ మంచాల ఊర్ల ఉన్న బిడ్డ ఇంటికి పోయింది. ఇస్తారి పెండ్లాం యాదలక్ష్మి, కుక్కలు దూరుతయని బయట తాళమేసి పనికి పోయింది. పొద్దు గూకింది. కరెంటు పోయింది. రేకుల ఇల్లు ఉడుకుతున్నది. మందుల వాసన, చెమట వాసన. వాటి నడుమ తడి మట్టి వాసన రావట్టింది. వాన పడనే లేదు.

బయట అరుగు మీద అడుగుల చప్పుడు... ఒకటి బరువుగ, ఒకటి ఈడ్చుకుంట.

"ఎవలు?"

చప్పుడు దూరం పోయింది.

ఫోన్ మోగింది. యాదలక్ష్మి.

"నీకేమన్న తిక్కనా? కాలెందుకు మోపినవ్? నేను బస్సు దిగేసరికి ముంగట నడిచి పోతున్నవ్. పిలిస్తే మర్లి సూస్తలేవ్!"

"నేను మంచంల ఉన్న లక్ష్మీ... తాళం నువ్వే ఏస్తివి గదనే..."

"మరి గీడున్నదెవలు? నీ అంగీనే... నీ కుంటుడే..."

"ఎటు పోతున్నడు?"

"బొందలగడ్డ దిక్కు. ఆగుదామంటే... నా కాళ్లు ఆగుతలేవ్."

ఇస్తారి పక్కింటోళ్లను కేకేసిండు. ఎవ్వరూ పలకలే. కిటికీకి సలాకలు. తలుపు పలగ్గొట్టాలంటే లేవాలె. లేస్తే కీలు పాయె, చేతిల పని పాయె. లేవకుంటే పెండ్లాం పాయె.

"లక్ష్మీ, వస్తున్న... వస్తున్న..."

కాలు కింద పెట్టిండు. ఒంటి బరువంత దాని మీదేసి లేచిండు.

పటుక్కుమన్నది.

ఇస్తారికి నొప్పి తెల్వలే. చీమ కుట్టినంత గూడ తెల్వలే.

ఫోన్ల మాత్రం... ఎవలో కుప్పకూలిన చప్పుడు, "నా కాలు... నా కాలు..." అని ఒర్లుతున్నరు. ఆ గొంతు ఇస్తారిదే.