పెద్దాయనకు ఒకరోజు సెలవు

"చెప్పులు బయట విడవండి సార్."

ధనంజయ గుమ్మంలోనే ఆగిపోయాడు. బెంగళూరు నుంచి బస్సులో పావగడ చేరి, అక్కడి నుంచి సోలార్ పార్కు దుమ్మంతా మింగుతూ సైట్ ఆఫీసుకు వచ్చినవాడికి అదీ తొలి పలకరింపు.

"ఇది సర్వర్ రూమా, గుడా?" అన్నాడు.

"గుడయితే కాళ్ళు గూడా కడుక్కోమంటా. దుమ్ము మా పెద్దాయనకు పడదు."

"పెద్దాయన ఎవురు?"

నేత్రావతి మూలనున్న నల్లటి పెట్టెను చూపించింది. ఏ ప్యానెల్ పగిలింది, బాగుచేయడానికి ఎవరు వెళ్ళారు, స్టోర్‌లో ఏ సామాను మిగిలింది అన్నదంతా ఆ సర్వర్‌లోనే ఉంది. కంపెనీ సాఫ్ట్‌వేర్, దాని డేటాబేస్, పాతికమంది ఇంజనీర్ల తలనొప్పి, అన్నీ అందులోనే. రాత్రింబగళ్ళు గురక పెడుతుందని వాచ్‌మన్ దాసన్న దానికి ఆ పేరు పెట్టాడు. ఏసీ కూడా ఆఫీసు మొత్తానికి దాని గదిలోనే ఉంది. దాన్ని చూసుకోవడం నేత్రావతి ఉద్యోగం.

"ఈయన్ని ఖాళీ చేయించడానికే వచ్చినా మేడం. అంతా క్లౌడ్‌లోకి పోతాది."

"మెయిల్ చూసినా సార్. నన్ను కంట్రోల్ రూమ్‌లో కూర్చోబెడతారంట. మీరు పని అయిపోతానే పోతారంట."

ఆ రోజు ఆ మాట అనడానికి ఆమెకు ఏ ఇబ్బందీ కలగలేదు. ఇబ్బంది తర్వాత వచ్చింది, అదీ మెల్లగా.

అతనిది మడకశిర. చదువూ ఉద్యోగమూ బెంగళూరులో అయినా మాట మాత్రం మడకశిరదే, కోపం వస్తే మరీను. పాత డేటా అతనికి రోజూ కోపం తెప్పించేది కూడా. ఒకే గడిలో కన్నడం, తెలుగు, ఇంగ్లీషు కలిపి కొట్టేసిన ఫిర్యాదులు వేలకు వేలు ఉన్నాయి.

"మేడం, 'మేక వైరు తినింది' అని ఉండాది. దీన్ని ఏ కేటగిరీలో వేయాల?"

"అడవి జంతువుల్లో వేయండి."

"మేక అడవి జంతువు కాదు గదా?"

"మీరు పక్క పొలం బోరన్న మేకను చూల్లేదు సార్."

అతను నవ్వాడు. నవ్వినప్పుడు కళ్ళజోడు పైకి తోసుకుంటాడని ఆమె అప్పుడే గమనించింది. గమనించాల్సిన అవసరం ఏముందని తనను తానే తిట్టుకుంది. మర్నాటి నుంచి ఆమె తెచ్చే వేయించిన శెనక్కాయలు ఇద్దరికి సరిపడా ఉండేవి. అతను పొట్టు తీసి గింజలు ఆమె వైపు జరిపేవాడు, స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండా.

పని చకచకా సాగింది. పరీక్షకు తీసిన కాపీలన్నీ అసలు డేటాతో సరిపోయాయి. సరిపోయిన ప్రతిసారీ అతను శభాష్ అనేవాడు, ఆమెకు మాత్రం గుండె బరువెక్కేది. అతనంటే ఆమెకు ఇష్టమే. ఒక్క మాటా చెప్పకుండా అతను బస్సెక్కి పోతాడేమోనని భయం. ఏదో ఒకటి జరిగి ఈ పని ఆగిపోతే బాగుండునని ఆమె లోలోపల కోరుకుంది కూడా.

ఇక ఆఖరి కాపీ ఒక్కటే మిగిలింది. అది తీశాక పెద్దాయనకు పని ఉండదు, అతనికీ ఇక్కడ పని ఉండదు.

"మేడం, రేపు సెలవు గదా. సిస్టంని ఎవురూ ముట్టకూడదు. ఆఖరి కాపీకి ముందు ఒక్క ఎంట్రీ గూడా పడకూడదు."

"ఆయుధపూజ నాడు ఎవురు ముడతారు సార్? అది మీరు చెప్పాల్నా?"

ఇద్దరూ తృప్తిగా తలాడించారు. ఎవరి అర్థం వారికి ఉంది. సెలవు రోజున లాడ్జిలో కూర్చుని ల్యాప్‌టాప్ నుంచే కాపీ లాగాలన్నది అతని పథకం. పండగ నాడు కూడా పనిచేసే మనిషి ఉంటాడని ఆమెకు తట్టలేదు. అతని బెంగళూరు ఆఫీసులో ఆయుధపూజ అంటే కీబోర్డు మీద ఒక బొట్టు, ఒక ఫోటో, ఆ వెంటనే మళ్ళీ పని. ఇక్కడ పూజ అందుకున్న పనిముట్టు మర్నాడు పొద్దుటి దాకా పడుకోవాలి. కొడవలైనా అంతే, సర్వరైనా అంతే.

పండగ పొద్దున నేత్రావతి పెద్దాయనను పద్ధతిగా ఆపింది. పొడిగుడ్డతో తుడిచి, విభూతి పెట్టి, కుంకుమ దిద్ది, చామంతి దండ వేసింది. గుమ్మం ముందు దాసన్న బూడిదగుమ్మడికాయ పగలగొట్టాడు. గదికి తాళం వేసి ఆమె నాగలమడికలో ఇంటికి వెళ్ళిపోయింది.

ఇంట్లో తల్లి భాగీరథమ్మ కొడవలి, గడ్డపార, తాళాలగుత్తి వరుసగా పెట్టి, కూతురి ఫోను కూడా లాక్కుంది. "దీంతోనే గదమ్మీ నువ్వు పొద్దస్తమానం పనిచేసేది?" అంటూ ఆపేసి, బొట్టుపెట్టి, గడ్డపార పక్కన పడుకోబెట్టింది.

మధ్యాహ్నం ధనంజయ లాడ్జిలో ల్యాప్‌టాప్ తెరిచాడు. సర్వర్ పలకలేదు. నేత్రావతికి ఫోను చేస్తే స్విచ్ఛాఫ్. లాడ్జివాళ్ళను బండి అడిగితే, పూజ చేసిన బండిని ఇవాళ బయటికి తీయకూడదన్నారు. చివరికి అరటిపిలకలు కట్టిన బస్సులో నాగలమడిక చేరి, ఇల్లు వెతుక్కుంటూ చెమటలు కక్కుతూ వచ్చాడు.

"సర్వర్‌ని ఎవురు ఆపినారు?"

"నేనే. పూజ చేసి పడుకోబెట్టినా. రేపటి దాకా లేపకూడదు."

"సాయంత్రానికి కాపీ అయిపోవాల! మేనేజర్ నా తల తింటాండాడు. పని ఆగిపోవాలనే గదా మీరిట్లా చేసినారు?"

పని ఆగాలని నేత్రావతి కోరుకున్న మాట నిజం. ఆపింది మాత్రం అందుకు కాదు. ఈ రెంటికీ తేడా ఎదుటి మనిషికి ఎలా చెప్పడం? కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వాటి వెనకే కోపమూ వచ్చింది.

"పదండి సార్, లేపుతా. మీ పని చూసుకోని పోదురుగానీ." కుంకుమ అంటిన తాళాలగుత్తి కోసం చెయ్యి చాపింది.

"వద్దు" అన్నాడతను, గొంతు తగ్గించి. "పెద్దాయన్ని పడుకోనియ్యండి."

ఈలోగా భాగీరథమ్మ అతని సంచి తెరిచి చూసింది. "ఇదేనా నాయనా నీ పనిముట్టు?" అంటూ ల్యాప్‌టాప్‌కు పెద్ద బొట్టు పెట్టి, కూతురి ఫోను పక్కన చేర్చింది. తర్వాత అతను అరుగు మీదికి వచ్చి మేనేజర్‌కు ఫోను చేసి, సర్వర్ రెస్ట్‌లో ఉందని చెప్పాడు. అవతలి అరుపులు లోపలి దాకా వినిపించాయి. చివరికి మర్నాటి సాయంత్రం దాకా గడువు దొరికింది.

నేత్రావతి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది, అతని ముఖం చూడకుండా.

"ఆ మాట అనుండకూడదు" అన్నాడతను. "పని ఆగాలనుకున్నది నేను. ఒక్క ఎర్రరన్నా రాకపోతుందా అని రోజూ చూసినా. మీరు పని అంత బాగా చేసిపెడితే ఎర్రర్ యాడొస్తాది? మధ్యాన్నం సర్వర్ పలక్కపోతే ఫస్టు నాకు సంతోషమైంది. ఆ సంతోషానికి సిగ్గుపడి మీమీద అరిచినా. మీరంటే నాకిష్టం."

ఆమె చెంబు అంచు తుడిచింది.

"నేనూ అనుకున్నా సార్."

"ఏమని?"

"ఆగితే బాగుండని. ఆపింది మటుకు పూజకే, ఒట్టు."

"ఇంక సార్ అనాకండి."

"ముందు మీరు మేడం అనాకండి, ఆమేల చూస్తాం."

మర్నాడు పొద్దున కొబ్బరికాయ కొట్టి పెద్దాయనను లేపారు. రోజంతా నిద్రపోయి లేచినా ఆయన మొరాయించలేదు. మధ్యాహ్నానికి ఆఖరి కాపీ పూర్తయింది. బోరన్న మేకతో సహా అన్నీ క్లౌడ్‌లోకి చేరాయి. కొత్త సాఫ్ట్‌వేర్‌లో మొదటి ఫిర్యాదు పడ్డాక, నేత్రావతి పెద్దాయనను చివరిసారిగా ఆపింది. గురక ఆగిపోయింది. ఇంట్లో మనిషి వెళ్ళిపోయినట్టు ఆమెకు దిగులేసింది.

"వచ్చే ఏడు దండ ఎవురికి వేస్తావమ్మా?" అన్నాడు గుమ్మం బయట నిలబడ్డ దాసన్న.

"నా ల్యాప్‌టాప్ ఉండాది గదా" అన్నాడు ధనంజయ. "వీళ్ళింట్లోనే పడుకోబెడతా."

"ల్యాప్‌టాప్ ఒక్కటేనాప్పా?"

నేత్రావతి పెద్దాయన మెడలో వాడిన దండ తీస్తూ, ఆయనతోనే చెబుతున్నట్టు అంది: "మీ అమ్మోళ్ళు ఏ వారం వస్తారో అడిగి రమ్మనింది మా అమ్మ."

ధనంజయ కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. ఆ గదిలోనే, చెప్పుల్లేని కాళ్ళతో నిలబడి, మడకశిరకు ఫోను కలిపాడు.