తిరగబడ్డ పన్నెండు చక్రాలు

మా గల్లీలో తెల్లారిందని కర్నైల్ సింగ్ ఇంట్లోంచి వచ్చే చప్పుడు బట్టే తెలుస్తుంది. చలికాలం లూధియానాలో పొగమంచుకి ఎదురిల్లు కూడా కనపడదు. అయినా ఆ మంచులోంచి టింగు టింగుమని వినపడుతుంది. బిగించిన స్పోకుల్ని ఆయన వేలితో ఒక్కొక్కటే మీటి చూసుకుంటాడు. ముప్ఫై నాలుగేళ్ళు సైకిల్ ఫ్యాక్టరీలో చక్రాలు అల్లిన చెయ్యి అది. రిటైరయ్యాక కూడా ఊరుకోలేదు. ఒక చిన్న కార్ఖానా వాళ్ళు టెంపోలో రిమ్ములు, హబ్బులు, స్పోకుల కట్టలు తెచ్చి వరండాలో పడేస్తారు. ఆయన అల్లి, స్టాండుకి తగిలించి తిప్పుతూ వంకర తీసి, వరసగా గోడకి ఆనించి పెడతాడు.

మా వైపు ప్రతి ఇంట్లోనూ సైకిల్ పనే. ఆడవాళ్ళు పెడళ్ళు బిగిస్తారు, బాల్ బేరింగులకి గ్రీజు పూస్తారు. చక్రం మాత్రం మగవాళ్ళది. అలాగని ఎవరు రాసిపెట్టారో తెలీదు గానీ గల్లీ అంతా కంఠతా పట్టింది. కర్నైల్ సింగ్ కోడలు సత్వీర్ కూడా తొమ్మిదేళ్ళుగా వంటింటి గుమ్మంలో పీట వేసుకుని పెడళ్ళే బిగిస్తోంది. తల మీద చున్నీ కప్పుకుని, వరండాలో కూర్చునే మామగారికి సరిగ్గా ఎదురుగా.

ఆ రోజు పరాఠాల మీద వెన్న ఇంకా కరగకముందే కార్ఖానా నుంచి తర్సేమ్ వచ్చాడు. మాల్ సరిచూసుకునేది అతనే. ఎప్పుడూ నవ్వుతూ వచ్చేవాడు, ఈసారి చేతిలో ఒక చక్రం పట్టుకుని చెప్పులు విప్పకుండా నిలబడ్డాడు.

"తాయాజీ, పన్నెండు చక్రాలు వెనక్కొచ్చాయి."

కర్నైల్ సింగ్ చేతిలో ముక్క నోటి దగ్గరే ఆగిపోయింది. "ఎవరివి?"

"మీవే. పోయిన వారం ఇచ్చిన నలభైలో పన్నెండు. చక్రం గుండ్రంగానే ఉంది, గట్టిగానే ఉంది. స్పోకులు మాత్రం నమూనాకి తిరగబడి ఉన్నాయి. ఇన్నాళ్ళూ ముందు చక్రాలే ఇచ్చాం, వాటికి ఎటల్లినా ఎవడూ అడగడు. ఈసారివి వెనక చక్రాలు కదా, తొక్కినప్పుడు లాగే స్పోకు బయటికి ఉండాలి. మీకు నేను చెప్పాలా?"

"నా చక్రం తిరిగి రావడమేంట్రా! నువ్వు నిక్కర్లేసుకున్న రోజుల్నుంచీ అల్లుతున్నా. ఒక్కటి తిరిగొచ్చిందేమో మీ సేఠ్‌ని అడుగు!"

"అడిగితే ఏమన్నాడో చెప్పనా? సాయంత్రం అయిదింటికి టెంపో వస్తుంది. అప్పటికి పన్నెండూ సరిగ్గా ఉంటే ఉన్నట్టు. లేకపోతే రేపట్నుంచి చక్రాలు వేరే ఇంటికి వెళ్తాయి." తర్సేమ్ గొంతు తగ్గించాడు. "పెదనాన్న లాంటివారు, కోపం తెచ్చుకోకండి. మంచు ఎక్కువగా ఉంది కదా, సరిగ్గా కనపడలేదేమో."

తర్సేమ్ మిగతా పదకొండు చక్రాలూ వరండాలో దించి వెళ్ళిపోయాడు. సత్వీర్ చేతిలోని పెడల్ జారి గ్రీజు డబ్బాలో పడింది. అది తీయాలని కూడా ఆమెకి తోచలేదు.

కర్నైల్ సింగ్ ఒక చక్రాన్ని ఒళ్ళోకి తీసుకున్నాడు. కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు. చివరికి కళ్ళు మూసుకుని వేళ్ళతో తడమడం మొదలుపెట్టాడు. మధ్యనున్న హబ్బు దగ్గర మొదలుపెట్టి, స్పోకు వెంట రిమ్ము దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి. అలా ఒకదాని తర్వాత ఒకటి పన్నెండూ తడిమాడు.

"ఇది నా చెయ్యి కాదు," అన్నాడు.

"మీ చెయ్యి కాకపోతే నా చెయ్యా?" అంది భార్య చనన్ కౌర్. "కంట్లో పొర వచ్చింది, ఆపరేషన్ చేయించుకోమని వైశాఖీ పండగ నుంచీ మొత్తుకుంటున్నా. మొన్న పెరుగనుకుని సున్నం గిన్నెలో చెంచా పెట్టిన మనిషి!"

"నువ్వు నోరు మూస్తావా? నేను తప్పు చేస్తే రకరకాలుగా చేస్తాను. ఇక్కడ పన్నెండూ ఒకే పద్ధతిలో తిరగబడ్డాయి. నేను కుడి నుంచి మొదలుపెట్టేది ఎడమ నుంచి ఉంది. నేను పై నుంచి వేసే స్పోకు కింద నుంచి ఉంది. అద్దంలో నన్ను చూసి అల్లినట్టుంది." ఆయన తల పైకెత్తాడు. "రోజూ నాకెదురుగా కూర్చునే వాళ్ళెవరో అల్లారు."

ఇంట్లో ఆయనకి ఎదురుగా కూర్చునేది ఒక్కరే.

సత్వీర్ లేచి నిలబడింది. "నేనే, పాపాజీ."

"నా చక్రాలు విప్పావా?"

"విప్పాను. మధ్యాహ్నం మీరు పడుకున్నప్పుడు డాబా మీదికి తీసుకెళ్ళి మళ్ళీ అల్లాను. వానలప్పట్నుంచీ."

"ఎందుకు?"

ఆమె చున్నీ కొస నలుపుతూ నిలబడిపోయింది.

"అడుగుతున్నా కదా, ఎందుకు? నేను బతికుండగానే నా పని దొంగతనంగా విప్పేంత అవసరం ఏమొచ్చింది?"

"గాలి కొట్టే కన్నం మీదుగా స్పోకులు అడ్డం పడుతున్నాయి, పాపాజీ," అంది మెల్లగా. "ఒక కన్నం పక్కకి మొదలుపెడుతున్నారు. చక్రం బాగానే తిరుగుతుంది గానీ పంపు మూతి దూరదు. పదింటిలో మూడు అలా ఉండేవి. అవి వెళ్తే మీ పేరు పోతుందని..."

"నా పేరు కాపాడావన్నమాట!" ఆయన చక్రాన్ని విసిరేశాడు. అది దొర్లుకుంటూ వెళ్ళి నీళ్ళ కుండకి తగిలింది. "నాలుగు నెలలు నన్ను పిచ్చివాణ్ణి చేసి ఆడించారు. నువ్వు విప్పుతావు, నేను పొద్దున్నే మీటి చూసుకుని భలే అల్లానని మీసం తిప్పుకుంటాను. లోపల కూర్చుని నవ్వుకున్నారా?"

"వైశాఖీ తర్వాత ఒకసారి కళ్ళ గురించి ఎత్తితే పది రోజులు నాతో మాట్లాడలేదు మీరు. నా చేతి రోటీ కూడా తినలేదు. మరి ఎలా చెప్పమంటారు?" ఆ ఇంట్లో అడుగుపెట్టిన తొమ్మిదేళ్ళలో ఆమె మామగారికి ఎదురు మాట చెప్పడం అదే మొదటిసారి.

అప్పుడే డ్యూటీకి బయల్దేరుతున్న కొడుకు దవిందర్ తలపాగా చివర దోపుకుంటూ వచ్చాడు. "చాలు నాన్నా, ఇంక గొడవెందుకు? ఆ స్టాండు తీసేద్దాం. మీరు హాయిగా ఎండలో మంచం వేసుకుని కూర్చోండి. ఎవరేమంటారు?"

కర్నైల్ సింగ్ కొడుకుని ఏమీ అనలేదు. సత్వీర్ ఆయన మొహం చూసింది. కేకలేసే మనిషి కేకలు మానేస్తే చూడలేం.

"స్టాండు తీయడానికి వీల్లేదు," అంది ఆమె భర్తతో. "ఆయన్ని మంచం మీద కూర్చోబెడితే ఆరు నెలల్లో మనిషి ఉండరు. ఇంకోటి కూడా చెప్తా వినండి. ఆయన కోసమే చేశానని పైకి అంటున్నా గానీ నాకూ ఆ పని ఇష్టం. పెడళ్ళు బిగించి బిగించి విసుగొచ్చింది. చక్రం అల్లుతుంటే ఆకలి కూడా గుర్తుండదు నాకు."

"ఇదొకటా!" అని చనన్ కౌర్ బుగ్గలు నొక్కుకుంది.

దవిందర్ ఆలస్యమైపోతోందని వెళ్ళిపోయాడు. కర్నైల్ సింగ్ తిరిగొచ్చిన చక్రం ఒకటి స్టాండు దగ్గరికి లాక్కుని స్పోకులన్నీ విప్పాడు. పంతం. మళ్ళీ మొదటి నుంచి అల్లాడు. గంట పట్టింది. ఒకప్పుడు గంటలో ఆరు అల్లేవాడు. అయ్యాక గాలి కన్నం ఎక్కడుందో వేలితో వెతికాడు. వేలు ఆ కన్నం దగ్గర ఆగింది. రెండు స్పోకులు దాని మీదుగా కత్తెరలా అడ్డం పడి ఉన్నాయి.

ఆయన వేలు అక్కడి నుంచి కదల్లేదు. ఎదురుగా గుమ్మంలో సత్వీర్ తల దించుకుని పెడల్ బిగిస్తూనే ఉంది. చూసింది గానీ చూడనట్టే ఉండిపోయింది.

"చూశావుగా?" అన్నాడు ఆయన.

సత్వీర్ తలూపింది.

"నోరు తెరిచి చెప్పు."

"చూశాను, పాపాజీ."

కర్నైల్ సింగ్ తలపాగా సర్దుకున్నాడు. మీసం తుడుచుకున్నాడు. కళ్ళు కూడా తుడుచుకున్నాడు, పొర వల్ల నీళ్ళు కారుతున్నట్టు.

"ఎన్నాళ్ళు పట్టింది నేర్చుకోడానికి?"

"తొమ్మిదేళ్ళు. పెళ్ళై వచ్చిన నెల నుంచీ చూస్తూనే ఉన్నా. ఇక్కణ్ణుంచే."

"అక్కణ్ణుంచి చూస్తే నా కుడి చెయ్యి నీకు ఎడమ వైపు ఉంటుంది." ఆయన తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు. "ఎవరూ చెప్పకుండా, చున్నీ చాటు నుంచి చూసి ఇంత గుండ్రంగా అల్లావు. తిరగబడిందంటే తప్పు నీది కాదు. ఒక్కరోజు నా పక్కన కూర్చోబెట్టుకుని ఉంటే తిరగబడేది కాదు." ఆయన ఒళ్ళోని చక్రం పక్కన పెట్టాడు. "ఫ్యాక్టరీలో నలభై మందికి నేర్పాను. ఇంట్లో ఉన్న పిల్లకి నేర్పాలని తోచలేదు చూడు నాకు."

సత్వీర్ పైకి చూడలేకపోయింది. గ్రీజు చేత్తోనే మొహం తుడుచుకుంది.

"ఆ పీట తీసుకుని ఇటు రా."

"కోడలు మామ పక్కన కూర్చోవడమేంటి? గల్లీలో వాళ్ళు చూస్తే!" అంది చనన్ కౌర్.

"చూడనీ. చూసి నేర్చుకుంటారు. నువ్వు టీ పెట్టు, చక్కెర ఎక్కువెయ్యి. ఇంకా పన్నెండు చక్రాలున్నాయి."

సత్వీర్ పీట తెచ్చి ఆయన పక్కన కాస్త ఎడంగా వేసింది. ఆయన విసుక్కుని దగ్గరికి లాగాడు. రిమ్ము ఒళ్ళో పెట్టి ఆమె వేలు పట్టుకుని గాలి కన్నం మీద ఉంచాడు. "ఇక్కణ్ణుంచి కుడికి. మొదటి స్పోకు ఇక్కడ. అది సరిగ్గా పడితే మిగతావి వాటంతటవే దారి వెతుక్కుంటాయి." ఆమె చేతులు మొదట తడబడ్డాయి, తొమ్మిదేళ్ళ అలవాటు ఎడమకే లాగింది. ఆయన కసురుకున్నాడు. ఆమె విప్పి మళ్ళీ వేసింది. మూడో చక్రానికి ఆయన కసరడం ఆగింది. తర్వాత ఇద్దరూ చెరొకటి పట్టుకున్నారు. మంచు విడిపోయి ఎండ వరండాలోకి వచ్చింది. టీ ఎప్పుడు చల్లారిందో ఎవరూ చూడలేదు.

పదో చక్రం ఆయన చేతిలో ఉండగా సత్వీర్ చెయ్యి ఆగింది. ఆమె గొంతు సవరించుకుంది. మళ్ళీ ఊరుకుంది. మధ్యాహ్నం డాబా మీద ఒక్కతే విప్పుకోవడం ఎంత తేలికో ఆమెకి అప్పుడు తెలిసింది.

"పాపాజీ," అంది చివరికి. "ఒక కన్నం పక్కకి పడింది."

కర్నైల్ సింగ్ వేలితో తడిమి చూశాడు. పళ్ళు బిగించి ఒక తిట్టు తిట్టాడు, ఎవర్నో తెలీదు. మారు మాట్లాడకుండా విప్పడం మొదలుపెట్టాడు. సగం విప్పాక ఆగి, కోడలి తల మీద చెయ్యి పెట్టాడు. చేతికున్న నూనె ఆమె చున్నీకి అంటుకుంది.

"చెప్పావు కదా, పుత్తర్," అన్నాడు. "ఇకనుంచి ఇలాగే నా మొహం మీదే చెప్పు. కళ్ళ డాక్టర్ దగ్గరికి కూడా నువ్వే తీసుకెళ్ళు. మీ అత్తయ్యతో వెళ్తే దారంతా సున్నం గిన్నె కథ చెప్తుంది."

సత్వీర్ ఏడుస్తూనే నవ్వింది. అయిదింటికి గల్లీ మొదట్లో టెంపో హారన్ వినపడింది. పన్నెండో చక్రం అప్పటికి ఆమె ఒళ్ళో ఉంది. ఆమె ఆఖరి స్పోకు బిగించి, ఆయన వైపు చూసి, వేలితో ఒకసారి మీటింది.