రెండో సంతకం

మా అక్కకి అండాశయం క్యాన్సర్ మూడోసారి తిరగబెట్టింది. పాత మందులేవీ పనిచెయ్యలేదు. మిగిలింది ఒక్క యాంటీబాడీ మందే. అది క్యాన్సర్ కణం మీదున్న గుర్తుని వెతికి పట్టుకుని, విషాన్ని అక్కడే వదులుతుందని డాక్టరుగారు చెప్పారు. కాకపోతే కళ్ళకి పడదట. అందుకని ముందే చుక్కలేసి, మందు ఎక్కినంతసేపూ కళ్ళ మీద చల్లటి ప్యాడ్లు పెడతారు.

ఆ మధ్యాహ్నం గదిలో మేమిద్దరమే. నేనసలే వాగుడుకాయని. అక్కని నవ్విద్దామని ఏదేదో వాగుతున్నాను. ప్యాడ్ల కిందనుంచే, నీ నోటికి కూడా ఒకటి పెట్టించుకోవే అంది.

ఇంతలో ఒక సిస్టర్ మందు సంచి తెచ్చింది. మాస్కు, టోపీ. ఎప్పుడూ చూసిన మనిషి కాదు. అక్కడ మందు పెట్టాలంటే ఇద్దరు సిస్టర్లుండాలి. ఒకరు సంచి మీది నంబరు చదవాలి, ఇంకొకరు అక్క చేతి పట్టీతో సరిచూడాలి, ఇద్దరూ సంతకం చెయ్యాలి. రెండో ఆవిడ భోజనానికెళ్ళిందని, ఆవిడ బదులు నన్ను సరిచూడమంది. ఈ పూట మందు తప్పిపోతుందేమోనని నా కంగారు నాది. నంబరు సరిపోయింది. కాగితం మీద రెండో సంతకం గీకేశాను. నా బుద్ధి గడ్డి తింది.

ఆమె వెళ్ళిపోయింది. మందు చుక్కచుక్కగా దిగుతోంది. గదిలో స్పిరిట్ వాసన పోయి, ఏళ్ళ తరబడి మూసిన బీరువా వాసన వచ్చింది...

"చెయ్యి వదలవే... జివ్వుమంటోంది" గొణిగింది అక్క.

నా రెండు చేతులూ నా ఒళ్ళోనే ఉన్నాయి.

"ఆపించవే..."

మందెక్కించే మిషన్ మీద ఆపే బటన్ నొక్కాను. ఆగలేదు. గంట కొట్టాను. ఎవరూ రాలేదు. గొట్టం పీకేద్దామంటే, అక్కకున్న ఆఖరి మందు ఇదే. పీకితే చంపుతానో, ఉంచితే చంపుతానో తెలీక ఏడుస్తూ నిలబడ్డాను. సంచి ఖాళీ అయిపోయింది.

అప్పుడొచ్చారు, రోజూ వచ్చే సిస్టర్లిద్దరూ. పెద్దావిడ చేతిలో నిండు సంచి.

"ఆలస్యమైందమ్మా. మందు ఇప్పుడే కలిపిచ్చారు."

వేలాడుతున్న ఖాళీ సంచి చూపించాను. ఆవిడ కాగితం తీసి చూసింది.

"రెండు సంతకాలూ మీరే చేశారేంటమ్మా?"

చూశాను. రెండూ నా రాతే.

అక్క ఊపిరి ఆడుతూనే ఉంది. పిలిస్తే పలకలేదు. చెయ్యి పట్టుకోబోయాను. ఇంకో చేతిని పట్టుకున్నట్టు వేళ్ళు బిగుసుకుని ఉన్నాయి. మధ్యలో ఖాళీ. ముగ్గురం కలిసి లాగినా... విడలేదు.