రెండు కేబుళ్ల మానిటర్

ఉదయం తొమ్మిదింటికి, పళ్ళు తోముకుంటూ, వాష్‌బేసిన్ మీదికి ఒరిగి ప్రాణం వదిలాడు మొదటి ఏజెంటు. కిటికీలోంచి ఒకే తూటా. కుళాయి కట్టే నాథుడు లేక నీళ్ళు చాలాసేపు పోతూనే ఉన్నాయి.

పదకొండింటికల్లా ముంగిస పెద్దాయన ముందు నిలబడ్డాడు. ముంగిస అన్నది డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరు. కన్నతల్లి పెట్టిన పేరు ఫైల్లో కూడా లేదు. పెద్దాయన అంటే చీఫ్. ఆయన నవ్వాడంటే ఎవరికో మూడిందని లెక్క. ఆ రోజు నవ్వాడు.

"పొద్దున పోయినవాడి అడ్రసు మనవాడే అమ్మాడు. అది సాంపిల్. ఇంకో పదిమంది ఏజెంట్ల అడ్రసులు సాయంత్రం ఆరింటికి, హోటల్ గదిలో, విదేశీ ముఠా చేతికి వెళ్తాయి."

"ఎవరు సార్ ఆ మనవాడు?"

"లిస్టున్న లాప్‌టాప్ ఇంటికి పట్టుకెళ్ళే హక్కు ముగ్గురికే ఉంది. వాళ్ళలో ఒకడు. ఆ స్క్రీన్ ఫోటో తీస్తే నల్లగా పడుతుంది. ఎవరూ కాపీ చేసుకోకుండా టైప్-సి పోర్టులు మనమే జిగురు పోసి మూసేశాం. ప్రొజెక్టర్ కోసం హెచ్‌డీఎంఐ ఒక్కటే వదిలాం. అంటే వాడికి బయటి తెర కావాలి, సంచిలో పట్టేది. హోటల్ టీవీని నమ్మొద్దని, మనం మారుపేరుతో నడిపే షాపులో కొనుక్కోమని మేడమ్ వాడికి ఫోన్లో చెప్పింది. వాడి మొహం ఆమె కూడా ఇంకా చూడలేదు."

మేడమ్ ముఠా తరఫు కొరియర్. అక్కడ జీతం తింటూ మన జీతమూ తినే డబుల్ ఏజెంట్. ఆమె నడిచి వెళ్తుంటే లిఫ్టు తలుపులు మూసుకోవడం మరిచిపోతాయని ఆమె సంగతి తెలిసిన ఒకరిద్దరు చెప్పుకునేవారు.

పెద్దాయన బల్ల మీద ఒక పల్చటి మానిటర్ పెట్టాడు. "లాబ్ వాళ్ళు ఇందులో చిప్ పెట్టారు. లిస్టు ఇందులోకి రాగానే మన అడ్రసులు పోయి వాళ్ళ మనుషుల అడ్రసులు కనిపిస్తాయి. ముఠాలో ఒకడి ఇల్లు ఇంకొకడికి తెలీదు. అది వాళ్ళ జాగ్రత్త. వాళ్ళ తూటాలు వాళ్ళ మీదే ఖర్చవుతాయి."

"షాపులో ఇదొక్కటే పెడదాం సార్."

"అనుమానిస్తాడు. మూడు పెట్టు. వాడంతట వాడే ఏరుకోవాలి."

మూడింటికి ముంగిస కౌంటర్ వెనక ఉన్నాడు. నెరిసిన విగ్గు, సోడాబుడ్డి కళ్ళద్దాలు, గొంతు మార్చడానికి దవడలో రబ్బరు ముక్క. తలుపు తోసుకుని ఒక మనిషి వచ్చాడు. బావ. అక్క మొగుడు. నాన్న పోయాక ఇంట్లో పెట్టుకుని చదివించినవాడు, ఈ ఉద్యోగంలో చేర్పించినవాడు. ఆ ముగ్గురిలో బావ ఒకడని ముంగిసకు తెలుసు. అయినా మిగతా ఇద్దరి మీదే ఆశ పెట్టుకున్నాడు.

"సంచిలో పట్టే మానిటర్లు చూపించవయ్యా."

ముంగిస ముందు టైప్-సి మానిటర్ తీశాడు. ఇది తీసుకుని వెళ్ళిపో బావా, నీకు దండం పెడతాను అని లోపల మొక్కుకున్నాడు. "ఒకటే కేబుల్ సార్. కరెంటూ బొమ్మా అందులోనే. ఏడొందల గ్రాములు."

"వద్దు. హెచ్‌డీఎంఐ ఉన్నది కావాలి."

"ఈ రోజుల్లో అదెవరూ అడగట్లేదు సార్. కరెంటుకొకటి, బొమ్మకొకటి, రెండు కేబుళ్ళు మొయ్యాలి."

"నా లాప్‌టాప్‌లో టైప్-సి పోర్టు మూసుకుపోయింది."

"తీసుకురండి సార్, ఊరికే బాగుచేసి పెడతాను."

"అడిగింది చూపించవయ్యా, సోది ఎందుకు."

అయిపోయింది. బావే. ఏడుపు తన్నుకొచ్చింది ముంగిసకు. అక్క మొహం కళ్ళముందు మెదిలింది. పళ్ళు తోముకుంటూ పోయినవాడు కూడా మెదిలాడు. ఏడుపు మింగి పనిలో పడ్డాడు.

మిగతా రెండూ పక్కపక్కన వెలిగించాడు. ఒకటి తళతళలాడే తెర, మామూలు సరుకు. రెండోది మెరుపు లేనిది, లాబ్ సరుకు. బావ సంగతి అతనికి కొట్టినపిండి. అమ్మేవాడు పొగిడినదాన్ని చచ్చినా ముట్టడు. అక్కకి ఫ్రిజ్ కొన్నప్పుడూ అదే తంతు, మిక్సీ కొన్నప్పుడూ అదే తంతు.

"ఈ మెరిసేది తీసుకోండి సార్. రంగులు చూడండి, కళ్ళు తిప్పుకోలేరు. ఆ రెండోది కాస్త వెలుతురు తక్కువ."

బావ మెరిసే తెరలోకి వంగి చూశాడు. "లైటు కింద నా మొహమే కనిపిస్తోంది. దీన్ని అంటగడితే నీకేదో ముడుతుందనుకుంటా. రెండోదే కట్టు."

ముంగిస కట్టి ఇచ్చాడు.

ఆరుకి రెండు నిమిషాలుండగా షాపు ఫోన్ మోగింది.

"ఏమయ్యా," బావ గొంతులో కంగారు, "నో సిగ్నల్ అంటోంది నీ దిక్కుమాలిన మానిటర్."

వెనకనుంచి విదేశీ యాసలో ఓ మగగొంతు వినిపించింది. "అది వదిలెయ్. గోడకి టీవీ ఉందిగా, దానికి పెట్టు."

టీవీకి పెడితే అసలు అడ్రసులు పడతాయి. పదిమందీ పోతారు.

"కేబుల్ పీకకండి సార్. పక్కన కింది బటన్ నొక్కండి. మెనూ వచ్చిందా?"

"వచ్చింది."

"ఇన్‌పుట్ అని ఉంటుంది. టైప్-సి మీద ఉండిపోయింది చూడండి. కిందికి జరపండి."

"ఆ కేబుల్ ఇటివ్వు," అంటోంది మగగొంతు.

"ఒక్క క్షణం సార్. హెచ్‌డీఎంఐ మీదకి వచ్చారా? ఓకే నొక్కండి."

"హమ్మయ్య, వచ్చింది," అన్నాడు బావ. ఆ సంబరంలో ఫోన్ పెట్టెయ్యడం మరిచిపోయాడు.

మేడమ్ ఫోటోలు తీస్తూ అడ్రసులు పైకి చదువుతోంది. తొమ్మిది గడగడా చదివి ఆగింది. పదోది ఆమె ఫ్లాటే. రెండు జీతాలు తినే మనిషిని వదిలించుకోవాలని పెద్దాయన ముంగిసకు చెప్పకుండా దాచింది అదొక్కటే. అది తన ఇల్లని నోరు విప్పితే అనుమానంతో అక్కడే కాల్చేస్తారు. రెండు క్షణాల తర్వాత, అదే తియ్యటి గొంతుతో, పదోదీ చదివేసింది.

తెల్లారేసరికి ముఠా తన మనుషుల్ని తొమ్మిదిమందిని తానే చంపుకుంది. మేడమ్ ఫ్లాట్‌లో ఖాళీ బీరువా మాత్రం దొరికింది. జరిగిన మోసం మధ్యాహ్నానికి వాళ్ళకి బోధపడింది. ఆఫీసు మెట్ల దగ్గర కారు దిగుతున్న బావను అక్కడికక్కడే కాల్చేశారు. అరెస్టు కాగితాలు టైపు చేసే పని తప్పిందని పెద్దాయన మళ్ళీ నవ్వాడు. వాళ్ళు వస్తారని ఆయనకు తెలుసు. ముంగిసకూ తెలుసు.

మూడో రోజు అక్క పక్కన కూర్చున్నాడు. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్ళు వాచిపోయాయి.

"ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఏమన్నారో తెలుసారా? ఎవరో షాపువాడట. ఫోన్లో ఎంత ఓపిగ్గా చెప్పాడో, అలాంటి పనివాణ్ణి ఈ మధ్య చూడలేదు అన్నారు. మీ బావ ఒకర్ని మెచ్చుకోవడం నేను వినడం అదే మొదలు. వాడెవడో కనుక్కుని ఆ మాట చెప్పరా, పాపం సంతోషిస్తాడు."

"చెప్తానక్కా," అన్నాడు ముంగిస. ఆమె చెయ్యి వదిలించుకోవడానికి చాలాసేపు పట్టింది.

తర్వాత ఆఫీసుకు వెళ్ళి కేసు ఫైలు ముగించాడు. చివర మామూలుగా రాసే వాక్యాలన్నీ రాసి, సంతకం పెట్టేముందు ఇంకొకటి చేర్చాడు: కస్టమర్ తృప్తి పడ్డాడు.