గోటా, యోటా?

మొదటి రోజే ఇద్దరికీ ఒక నక్క దగ్గర గొడవైంది.

నిజానికి అది నక్క కాదు. నక్కకి అక్క, తోడేలుకి చెల్లెలు అనుకోండి. అమెరికాలో ఊళ్ళని ఆనుకునే బతుకుతుంది. చీకటి పడితే చెత్తబుట్టలు వెతుకుతుంది, కోళ్ళనీ చిన్న కుక్కల్నీ ఎత్తుకుపోతుంది. దాని పేరు ఎలా పలకాలన్నదే గొడవ.

"కయోటీ," అన్నాడు భార్గవ్, కొత్తగా చేరినవాళ్ళకి ట్రైనింగ్ ఇస్తూ. "మూడు ముక్కలండీ. క, యో, టీ."

"పొద్దున మీరు వినిపిచ్చిన కాల్‌ల ఒకాయన కైయోట్ అన్నడు కద సార్?" అంది వర్షిత.

"అది పల్లెటూరి పలుకుబడండీ. మనం కరెక్ట్‌గానే అందాం."

"ఎవరి జంతువుకు వాళ్ళు పెట్టుకున్న పేరు తప్పెట్లయితది? మేం ఆలుగడ్డ అంటం, మీరు బంగాళదుంప అంటరు. మధ్యల ఆ దుంప ఏమన్న ఫీలయిందా?"

గదంతా నవ్వింది. అమలాపురం కుర్రాడు భార్గవ్ మాత్రం చెవులు ఎర్రబడేదాకా స్క్రీన్ వైపే చూసి, "ఆయ్, తర్వాతి స్లైడుకి వెళదామండీ," అన్నాడు. సాయంత్రానికి ఆ 'ఆయ్' ఆఫీసులో అందరి నోళ్ళలోనూ నానింది. నానబెట్టింది ఎవరో చెప్పక్కర్లేదు.

కివీల దేశంలో, ఆల్బనీ అనే శివారులో ఉన్న ఆ ఆఫీసు పని విచిత్రమైనది. అమెరికాలో కొన్ని చిన్న ఊళ్ళవాళ్ళు రాత్రిపూట జంతువుల బెడదకి ఫోన్ చేస్తే అది ఇక్కడ మోగుతుంది. అక్కడ చీకటి, ఇక్కడ మధ్యాహ్నం కాఫీ వేళ. అంటే ఎండలో కూర్చుని వేరేవాళ్ళ రాత్రికి భయపడడమే ఉద్యోగం.

వర్షితకి ఆ ఉద్యోగం బాగా కుదిరింది, ఎందుకంటే ఆమెకి అసలే భయం ఎక్కువ. న్యూ లిన్‌లో ఆమె ఉండే ఫ్లాట్ కప్పు మీద పాసమ్ గురగురలాడితే, పిల్లి అంత జంతువది, తలుపుకి సూట్‌కేసు అడ్డం పెట్టి పడుకునే రకం. కాల్‌లో ఎవరైనా గొంతు తగ్గించి మాట్లాడితే చాలు, ఆమె కూడా గొంతు తగ్గించేసేది.

అన్నిటికంటే పెద్ద భయం కాల్ అయిపోయాక మొదలయ్యేది. ఎందుకంటే ఆ తర్వాత ఏం జరిగిందో ఎవరూ చెప్పరు.

సాయంత్రం సిటీకి వెళ్ళే బస్సులో, మౌంట్ ఆల్బర్ట్‌లో ఉండే భార్గవ్ పక్క సీట్లో కూర్చుని రోజూ అదే అడిగేది.

"కుక్క తప్పిపోయిందన్న ఆ ముసలవ్వకు ఏమైంది సార్?"

"దొరికిందటండీ. సోఫా కిందే పడుకుందట."

"మీకెవరు చెప్పిన్రు?"

"తెలిసింది లెండి."

అబద్ధమని ఆమెకి తెలుసు. ఆమెకి తెలుసని అతనికీ తెలుసు. అయినా ఆమె అడగడం మానలేదు, అతను అల్లడం మానలేదు. రెండు నెలల్లో అతని కథల్లో చచ్చిన కోడి ఒక్కటీ లేదు.

ఆ రోజు మధ్యాహ్నం వాన పడుతోంది. ఫోన్ మోగింది. ముసలాయన గొంతు, బాగా తగ్గించి మాట్లాడుతున్నాడు.

"అమ్మా, మా పెరట్లో ఒక యోట్ తిరుగుతోంది. అక్కడే టెంట్‌లో నా మనవరాలు పడుకుని ఉంది."

వర్షిత 'గోట్' అని విన్నది. హమ్మయ్య అనుకుంది. మేకంటే ఆమెకి ఏం భయం? కరీంనగర్ దగ్గర వాళ్ళ నానమ్మ, ఇంటి ముందుకి ఏ మేక వచ్చినా ఇంత కుడితి పెట్టి సాగనంపేది.

"భయపడకండి సర్," అంది ఇంగ్లీషులో, చాలా ధీమాగా. "ఏమైనా తినడానికి పెట్టండి. తిని అదే పోతుంది."

ముసలాయనకి నమ్మకం కుదరలేదు.

"పెట్టమంటావా?"

"అవును సర్. పాపం, అదేం చేస్తుంది?"

"సరే మరి. రాత్రి మిగిలిన చికెన్ ఉంది."

ఫోన్ పెట్టేశాడు. వర్షిత రిపోర్టులో 'మేక' అని టైప్ చేసింది. కాఫీ కప్పు అందుకుంది. కప్పు నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది.

మేక చికెన్ తింటుందా?

భార్గవ్ టేబుల్ దాకా ఎలా నడిచిందో ఆమెకి గుర్తు లేదు. "సార్, ఒక్కసారి ఇనుర్రి," అని రికార్డింగ్ పెట్టింది. అతను విన్నాడు. వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాడు.

"గోట్ కాదండీ. యోట్. కయోటీని ఆ వైపు పల్లెల్లో అలా తుంచేసి అంటారు."

"మరి ట్రైనింగ్‌ల చెప్పలే?"

"తప్పు మాట కదా అని తీసేశానండీ."

టెంట్ గుడ్డ ఎంత పలచగా ఉంటుందో, దాని పక్కనే చికెన్ వాసన ఎంత దూరం పోతుందో, లోపల ఆ పిల్ల అటు తిరిగి పడుకుందో ఇటు తిరిగి పడుకుందో, అన్నీ వర్షితకి కళ్ళ ముందు కనిపిస్తున్నాయి.

భార్గవ్ ఆ ఊరి పోలీసులకి చెప్పాడు. కారు పంపుతామన్నారు, కానీ కొంచెం దూరంలో ఉందన్నారు. ముసలాయన నంబరుకి చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు.

"ఎత్తుతలేడు," అంది వర్షిత. "ఇదంత నేనే చేసిన. దాన్ని నేనే పిలిచి పిల్ల పక్కన విస్తరి ఏపిచ్చిన."

"ఏం కాదండీ. ఆయన ఈపాటికి పాపని..."

"వద్దు! బస్సుల చెప్పేటి కథలు ఇప్పుడు వద్దు. నిజంగ ఏమైతదో చెప్పు."

రెండు నెలలుగా ఎప్పుడూ తడుముకోని భార్గవ్ ఈసారి కథ అల్లలేదు.

"నాకు తెలీదు," అన్నాడు. "నాకూ భయంగానే ఉంది, వర్షితా."

చివర అండీ లేదు. అది గమనించే స్థితిలో ఇద్దరూ లేరు. ఆమె అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది, అతను మళ్ళీ నంబరు నొక్కాడు. స్పీకర్లో ఫోన్ మోగుతూనే ఉంది. బయట వాన పెరిగింది.

ఎవరో ఎత్తారు.

ఊపిరి వినిపిస్తోంది. వెనక ఎక్కడో ఇనుము మీద ఇనుము కొడుతున్న చప్పుడు. దాన్ని చీల్చుకుంటూ సన్నగా, పొడుగ్గా ఒక ఊళ. పక్క టేబుళ్ళవాళ్ళు కూడా తలలు తిప్పారు.

"హలో?" అంది చిన్నపిల్ల గొంతు.

"నువ్వు ఎక్కడున్నావమ్మా?" వర్షిత గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"వంటింట్లో. తాత నన్ను ఎత్తుకొచ్చి ఇక్కడ కూర్చోబెట్టాడు. బయట బాణలి కొడుతున్నాడు."

వర్షిత కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. కాసేపటికి చప్పుడు ఆగింది. తలుపు మూసిన శబ్దం వచ్చింది. ముసలాయన ఆయాసపడుతూ ఫోన్ తీసుకున్నాడు.

"పోయింది. పోలీసు కారు లైట్లు కూడా కనబడుతున్నాయి. నువ్వేనా, దానికి అన్నం పెట్టమన్నది?"

"నేనే సర్. మేక అనుకున్నాను. క్షమించండి."

అవతల దగ్గో నవ్వో తెలియని చప్పుడు.

"చికెన్ చేతిలోకి తీసుకున్నాక నీ సలహా నాకే నచ్చలేదమ్మా. ముందు పిల్లని లోపలికి తెచ్చుకున్నాను," అన్నాడు. "ఈసారి మాట అర్థం కాకపోతే ఇంకోసారి అడుగు. అడిగితే ఎవరూ కొట్టరు."

రిపోర్టులో భార్గవ్ తన ట్రైనింగ్ తప్పు రాశాడు, వర్షిత తన చెవి తప్పు రాసింది.

సాయంత్రం బస్సులో వర్షిత ఏమీ అడగలేదు. అద్దం మీద వాన నీళ్ళు జారుతున్నాయి.

"రేపటి నుంచి ఉద్యోగం మానేస్తారా?" అన్నాడు భార్గవ్.

"ఎందుకు అడుగుతున్నరు?"

"భయంగా ఉంది."

"దేనికి?"

అతను కిటికీ వైపు తిరిగి ఏదో గొణిగాడు. సగం వానలో కలిసిపోయింది.

"ఏందీ?"

"ఏం లేదండీ."

"ఏం లేదంటే కాదు. యోటును గోటు అని రాసినదాన్ని నేను. ఇది కూడ తప్పు ఇంటే నా బతుకేం గావాలె? సక్కగ చెప్పు."

భార్గవ్ గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. "నువ్వంటే ఇష్టం," అన్నాడు, ముందు సీట్లోని కివీ ఆంటీ ఉలిక్కిపడి వెనక్కి చూసేంత గట్టిగా.

వర్షిత ఆమెకి సారీ చెప్పి, తల వంచుకుని నవ్వింది. మధ్యాహ్నం నుంచి మొదటిసారి నవ్వింది.

"ఇనవడ్డది. నాకు గూడ అంతే." ఫోన్ తీసి నంబరు నొక్కింది. "మా నాయినకు జేస్తున్న. నువ్వే చెప్పు."

"ఇప్పుడా! నేనా! వద్దండీ, అక్కడ ఆయన టిఫిన్ టైమేమో..."

ఫోన్ అప్పటికే అతని చేతిలో ఉంది, మోగుతోంది. ఎవరూ ఎత్తకుండా చూడమని భార్గవ్ తనకి తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాడు.

"ఎవలూ?" అంది అవతలి నుంచి ఒక పెద్ద గొంతు.

భార్గవ్ సీట్లోంచి లేచి నిలబడ్డాడు. "నమస్కారమండీ," అన్నాడు. "నా పేరు భార్గవ్ అండీ."